క్షణికావేశం అనకండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీలో ఆ మాట కూడా వస్తుంది. 'క్షణికావేశంలో'. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఏ క్షణం? ఎవరు చూశారు? పదహారేళ్ళ పిల్ల నెలల తరబడి లోలోపల మోసినదాన్ని ఒక్క క్షణానికి కుదించేస్తే చుట్టూ ఉన్నవాళ్ళం ఊపిరి పీల్చుకోవచ్చు. రెప్పపాటులో జరిగిపోయిన దానికి ఎవరు మాత్రం ఏం చేయగలరు?

నేను ఆ 'క్షణం'లో నాలుగు నెలలు ఉన్నాను.

2005, ఇంటర్ రెండో ఏడు, బైపీసీ, ఇంటికి దూరంగా ఒక కాలేజీ హాస్టలు. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్. ఆదివారం పరీక్ష, మంగళవారం గోడ మీద ర్యాంకులు. ర్యాంకు పడితే సెక్షను మారుతుంది. సెక్షను మారితే పాఠం చెప్పేవాళ్ళూ మారతారు, మెస్సులో పక్కన కూర్చునేవాళ్ళూ మారతారు. దసరా సెలవులయ్యాక నేను చివరి సెక్షనుకు వచ్చాను. ఏడవలేదు. ఎవరితోనూ గొడవ పడలేదు. ఆకలి పోయింది. రోజూ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. నేను లేకపోతే నాన్నకు ఫీజు డబ్బులు మిగులుతాయన్న లెక్క బుర్రలో తిరుగుతుండేది. అది నాకు ఎంతో సబబుగా కనిపించేది. అందులో ఆవేశం ఎక్కడుంది?

ఒక రాత్రి లైట్లు ఆర్పేశాక నా రూమ్మేటు చీకట్లోంచి అడిగాడు.

"ఏరా, చచ్చిపోవాలనుందా నీకు?"

"ఊఁ" అన్నాను.

వాడు లేచొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. ధైర్యం చెప్పలేదు. మహానుభావుల కథలు చెప్పలేదు. చాలాసేపటికి, "నా బోటనీ రికార్డులో ఇంకా పదకొండు బొమ్మలున్నాయి. వేసిపెడతానన్నావు. సోమవారం ఇచ్చెయ్యాలి" అన్నాడు. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ వారం నేను బతికింది ఆ బొమ్మల కోసం. వేరు అడ్డుకోత, కాండం అడ్డుకోత, పెన్సిలు చెక్కుకుంటూ ఒక్కొక్కటే. సోమవారం వాడే మా నాన్నకు ఫోన్ చేశాడు. నాన్న కట్టుకున్న లుంగీతోనే రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఫీజు మాట ఎత్తలేదు. నా చెయ్యి పట్టుకుని, డాక్టరు దగ్గర కూర్చునేదాకా వదల్లేదు. ఏడాదిపాటు మందులు వాడాను. మందుల సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. షుగరుకు మాత్ర వేసుకునేవాళ్ళు సిగ్గుపడుతున్నారా?

చచ్చిపోవాలనుందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన ఇళ్ళలో భయం. అశుభం పలక్కు, తథాస్తు దేవతలుంటారని నోరు నొక్కేస్తారు. ఇది అబద్ధం, ప్రాణాలు తీసే అబద్ధం. సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అడిగితే లోపలున్నవాడికి తలుపు దొరుకుతుంది. నాకు దొరికింది.

ఇంకో సంగతి. ఆలోచన నెలలు ఉంటుంది కానీ, దాని ఉద్ధృతి మాత్రం అలలా లేచి చాలామందిలో కొద్ది గంటల్లో తగ్గుతుంది. ఆ గంటలు దాటించడానికి జీవితాశయం అక్కర్లేదు. 'నీకు గొప్ప భవిష్యత్తుంది' అని ఆ రాత్రి ఎవరైనా అనుంటే ఆ బరువు కింద నేను ఇంకా నలిగిపోయేవాణ్ణి. బతికుంటే బలుసాకు తినొచ్చని మన ముసలమ్మలు ఊరికే అన్నారా! బలుసాకంటే కంచె పక్కన తుప్పల్లో దొరికే ఆకు. అదీ ఒక కారణమేనన్నారు. కుక్కకు రేపు అన్నం పెట్టాలి, చెల్లి పెళ్ళిచూపులకు ఉండాలి, రికార్డులో బొమ్మ మిగిలుంది. ఇవి చాలు. వీటిని చిన్నవి అన్నవాడు ఆ చీకటి ఎరగడు.

అలాగని భారమంతా ఆ పిల్లల మీదే వేస్తే ఊరుకోను. ఎవరి చావుకూ ఒక్కటే కారణం ఉండదు, తెలుసు. కానీ 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 మార్కులు తేలాయి. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు కూడా వాళ్ళకే 'మనోధైర్యం' లేదన్నాం! విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదీయడం వీలైనంతవరకు మానాలి. అడ్మిషన్ కోసం వెళ్ళినప్పుడు కిందటేడు ర్యాంకులు అడుగుతున్నారు కదా, కౌన్సెలర్ ఏ గదిలో కూర్చుంటారో కూడా అడగండి. గది చూపించమనండి.

పోలీసు కేసవుతుందని ప్రయత్నాన్ని దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. ప్రయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షను 2024 జులై 1 నుంచి లేదు. దాచకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక నువ్వు. రాత్రి మూడింటికి ఇది చదువుతున్న నువ్వు. నీ లెక్క నాకు తెలుసు. నేనూ వేశాను, అది తప్పు లెక్క. దాన్ని ఇప్పుడు తేల్చాలని కూర్చోకు, గదిలో ఒంటరిగా ఉండకు. నీకు హాని చేయగలిగింది ఏదైనా దగ్గరుంటే దానికి దూరంగా వెళ్ళు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ఉచితం, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్క గదిలో అమ్మ నిద్రపోతోందా? లేపు.