నంబరు ముందు సున్నా, టికెట్ మీద ముప్పై

బిలాస్‌పూర్ నుంచి పక్క ఊళ్లకు తిరిగే మెము బండ్ల నంబర్లు మామూలుగా 68తో మొదలవుతాయి. కొవిడ్ తర్వాత అవే బండ్లు 08తో నడిచాయి. పట్టాలు అవే, ఎక్కే జనమూ వాళ్లే. కనీస ఛార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30కి చేరింది. దగ్గరి ఊరి నుంచి రోజూ టికెట్ కొని పనికొచ్చే కూలీకి రానూపోనూ 40 రూపాయలు అదనం.

పెంచింది కంప్యూటర్ కాదు, అధికారులే. కానీ ఆ నిర్ణయం ఒక అంకె చాటున అన్నేళ్లు ఎలా నిలిచిందన్నది డేటాబేస్ ప్రశ్న కూడా.

2010 డిసెంబరు నుంచి మన బండ్లవి ఐదంకెల నంబర్లు. మొదటి అంకె సున్నా అయితే స్పెషల్, 5 ప్యాసింజర్, 6 మెము. గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే, గుర్తింపు సంఖ్యలోనే అర్థాన్ని ఇరికించారు. హోదా మారితే నంబరు మారాలి, నంబరు మారితే రికార్డుల్లో అది వేరే బండి. (పొట్టి పేర్ల సంగతీ ఇంతే. రైల్వేకు బీఎస్‌పీ అంటే బిలాస్‌పూర్ స్టేషన్, ఛత్తీస్‌గఢ్ జనానికి భిలాయ్ ఉక్కు కర్మాగారం. పార్టీ మాట సరేసరి.)

సమాచారాన్ని పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనాను ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించారు. అయితే పట్టికకు గళ్లు తెలుసు గానీ గడిలో ఉన్నదాని అర్థం తెలియదు. పట్టిక గీయకముందే ఇక్కడున్న వస్తువులేమిటి, వాటి మధ్య సంబంధాలేమిటి అని తేల్చుకోమన్నది 1976లో పీటర్ చెన్ ఇచ్చిన ఎంటిటీ-రిలేషన్‌షిప్ నమూనా. కాడ్ కూడా 1979లో తన నమూనాకు మరింత అర్థం చేర్చే పనికి పూనుకున్నారు.

ఆ కళ్లతో చూస్తే బిలాస్‌పూర్ మెములో మూడు సంగతులున్నాయి: రోజూ నడిచే సర్వీసు, దాని ఛార్జీ తరగతి, తాత్కాలిక స్పెషల్ హోదా. మూడింటినీ విడిగా ఉంచితే కంట్రోలర్‌కు, బుకింగ్ క్లర్కుకు, ప్రయాణికుడికి అవే పట్టికల నుంచి ఎవరి వ్యూ వారికి ఇవ్వొచ్చు. అన్‌రిజర్వుడ్ ప్రయాణికుడికి అసలు నంబరుతో పనిలేదు. ఆర్డినరీయా, ఎక్స్‌ప్రెస్సా అన్నదే అతని జేబును తేలుస్తుంది.

2021 నవంబరులో మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లకు స్పెషల్ ముద్ర తీసేశారు. చిన్న బండ్లకు మిగిలిపోయింది. 2024 ఫిబ్రవరి చివర్లో ఛార్జీ తగ్గించినప్పుడు కూడా ఆదేశం మెము బండ్లకు, సున్నాతో మొదలయ్యే నంబర్లకు అనే వచ్చింది. అంటే పేదవాడి బండి ఏదో చెప్పడానికి రైల్వేకు అంకె తప్ప వేరే మాట దొరకలేదు. స్పెషల్ హోదా పక్కన ‘ఎప్పటివరకు’ అనే గడి ఒకటి తప్పనిసరి చేసి ఉంటే, 2020లోనే ఎవరో ఒకరు అందులో తేదీ వేయాల్సి వచ్చేది.