ఎవరికి వారు బుద్ధిమంతులే!

మన కాలేజీలో ప్రాజెక్టు చేసే ప్రతివాడూ చెప్పే మాట ఒకటే: "నా భాగం బాగానే పనిచేస్తోంది సార్!" అబద్ధం కాదు. అందరి భాగాలూ కలిపిన రోజునే కథ అడ్డం తిరుగుతుంది. ఎవరికి వారు బుద్ధిమంతులే; కాపురమే కుదరదు.

కుర్రతనం అని నవ్వి ఊరుకుందామా? 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి లేచిన ఏరియాన్-5 రాకెట్టు దాదాపు 40 సెకన్లకే ముక్కలైంది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు దానితోపాటే పోయాయి. దిక్కు చూపే సాఫ్ట్‌వేర్‌ను ఏరియాన్-4 నుంచి తెచ్చి పెట్టుకున్నారు. పాత రాకెట్టులో అది మాట తప్పలేదు. కొత్తదానికి అడ్డంగా సాగే వేగం ఎక్కువ. ఆ వేగం తాలూకు 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గడిలో కుక్కబోతే పట్టలేదు. తోడుగా ఉంచిన రెండో యంత్రంలోనూ అదే ప్రోగ్రాము కనుక అదీ చతికిలబడింది. కొత్త రాకెట్టు ప్రయాణమార్గం వివరాలు ఆ యంత్రపు స్పెసిఫికేషన్‌లో లేనేలేవని విచారణ సంఘం తేల్చింది.

"బాగా టెస్టు చేస్తే చాలదా?" అంటారు మిత్రులు. చాలదనే నా అభిప్రాయం. టెస్టు మనకు తోచిన ప్రశ్నలే అడుగుతుంది. నెట్‌వర్కులో ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతిని 1978లో నీధమ్, ష్రోడర్ ప్రకటించారు. అసలు సంభాషణ మూడే మూడు సందేశాలు. అయినా 17 ఏళ్ల తరువాత, 1995లో, గావిన్ లోవ్ అందులో మోసానికి సందుందని చూపాడు: నాతో మాట్లాడిన దొంగ, నా పేరుతో ఇంకొకరిని నమ్మించగలడు! 1996లో ఆయనే ఆ సంభాషణను హోర్ రూపొందించిన సీఎస్‌పీ పద్ధతిలో రాసి, ఒక చిన్న నమూనాలో జరగగల వరసలన్నీ యంత్రం చేత వెతికించి, ఆ దాడిని పట్టించాడు. తన సవరణనూ అలాగే సరిచూశాడు.

ప్రతి ప్రాజెక్టునూ గణితంలో నిరూపించమని నేననను. అంత తీరిక ఎవరికుంది? అధ్యాపకులకూ, తోటి విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. కోడు కంటే ముందు ప్రతి భాగానికీ ఒక పేజీ రాయిద్దాం. ఏమి తీసుకుంటుంది, ఏమి ఇస్తుంది, ఏది ముందు ఏది వెనక, ఏది ఎన్నటికీ జరగకూడదు. ఆ పేజీకీ మార్కులుండాలి. ఇద్దరి పేజీలూ పక్కపక్కన పెడితే సగం తగాదాలు అక్కడే బయటపడతాయి.

వియ్యమందే ముందు పెద్దమనుషుల ఎదుట మాటలు అనుకుంటాం, కాగితమూ రాసుకుంటాం. ప్రోగ్రాములకు ఆపాటి మర్యాద వద్దా?