కొండయూరి కాపురము

హిమాయత్ సాగరు కట్టమీద సాయంకాలము నడచు విశ్రాంత ఉపాధ్యాయుల నోట అరకు పేరు తరచుగా వినవచ్చుచున్నది. 2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసినప్పటినుండి ఈ ప్రాంతమునకు నిశ్శబ్దము కరవైనది. ఇంచుమించు మూడువేల అడుగుల ఎత్తుననున్న ఆ లోయలో శేషజీవితము గడుపవలెనను కోరిక అసహజము కాదు.

కాని విహారికి కనబడు ఊరు వేరు, కాపురముండువానికి కనబడు ఊరు వేరు. నడిరేయి గుండెనొప్పి వచ్చినచో, పెద్ద ఆసుపత్రికై ఘాటు దిగి నూరు కిలోమీటర్లకు పైబడి విశాఖపట్నము పోవలెను. పోనిండు, అది సర్దుకొనదగినదే యనుకొందము.

అసలు చిక్కు భూమి దగ్గర. అరకు షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో జరిగిన సవరణను జనులు ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అందురు. దాని ప్రకారము గిరిజనేతరునికి అచ్చట భూమి అమ్మరాదు. కౌలు, తాకట్టులును చెల్లవు. గిరిజనుని పేరిట వ్రాయించి మీరే అనుభవింపవచ్చునని దళారులు చెవిలో ఊదుదురు. తరగతిలో రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు బోధించినవారు దీనికి తల యూపుట ఎట్లు?

1908 మూసీ వరద అనంతరము తలపెట్టి 1927లో ముగించిన మన సాగరమునే చూడుడు. దాని పరీవాహమును కాపాడుటకు 1996లో 111వ ఉత్తర్వు వచ్చినది. అయినను బయటివారు ప్రహరీలు లేపిరని మనమే గోలపెట్టితిమి. అరకులో ఆ బయటివారము మనమే.

కొండగాలియే కావలెనన్నచో మదనపల్లె కలదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు బసచేసిన ఊరది. వేసవి అరకంత చల్లన కాదు గాని, అచ్చట ఇల్లు కొనుటకు మరొకరి పేరు అరువు తెచ్చుకొననక్కరలేదు.