నేల కిందికి పోయిన పైసలకు శిలాఫలకం ఉండదు

శంకుస్థాపనకు ఎన్ని కార్లు వస్తాయో చూడండి. నేలలోంచి నీళ్లు గుంజే పంపు దగ్గరికి ఒక్క నాయకుడన్నా వస్తాడా? రాడు. అక్కడ కొబ్బరికాయ కొట్టడానికి రాయి లేదు, ఫొటోకు గోడ లేదు. కానీ బురద నేల మీద రేవయినా, రన్‌వే అయినా నిలబడేది ఆ పంపు చేసిన పని మీదనే అని మేమంటున్నాం.

మెత్తటి బంకమన్ను నీళ్లు తాగి ఉంటుంది. పైన బరువు పడితే మొదట మోసేది మన్ను కాదు, అందులో చిక్కుకున్న నీరు. ఆ నీరు బయటపడుతున్న కొద్దీ నేల కుంగుతుంది. వదిలేస్తే దానికి ఏండ్లూ పూండ్లూ పడుతుంది, ఈలోపు గోడలు పగుల్తాయి. అందుకే కుంగేదేదో కట్టకముందే కుంగాలె. పాత పద్ధతిలో మట్టి గుట్టలు పోసి నెలల తరబడి ఉంచుతారు. తొందరపడి ఎత్తు పెంచితే కింది బురద పక్కలకు జారి గుట్టే కూలుతుంది.

గాలి బరువునే వాడుకుందామని 1952లో స్వీడన్ ఇంజినీరు వాల్టర్ షెల్‌మన్ చెప్పాడు. అదే వాక్యూం ప్రీలోడింగ్. ఇప్పుడు చేసే తీరు ఇది: మీటరు అటూ ఇటూ ఎడంతో ప్లాస్టిక్ డ్రెయిన్ పట్టీలను నేలలోకి దింపుతారు. పైన ఇసుక పరిచి, షీటు కప్పి, అంచులు కందకంలో పూడ్చి, లోపలి గాలిని, నీటిని పంపుతో గుంజుతారు. అప్పుడు పైనున్న వాతావరణమే నేలను నొక్కుతుంది. 80 కిలోపాస్కళ్లు అందితే చదరపు మీటరుకు దాదాపు 8 టన్నులు, అంటే 4 మీటర్ల మట్టి గుట్టంత బరువు. పైగా నేల లోపలికే ముడుచుకుంటుంది గనుక జారే భయం తక్కువ. చైనాలోని తియాంజిన్ రేవు నేలలను 1980ల నుంచి ఇట్లనే గట్టిపరిచారు.

ఇదేదో మంత్రమని మేం చెప్పడం లేదు. షీటుకు చిల్లి పడితే పంపు తిరుగుతూనే ఉంటుంది, పని సాగదు. పక్క నేల కూడా ఇటు లాగుకొచ్చి నెర్రెలు బాస్తుంది. ఇక పట్టీ అందని లోతుకు ఫలితమూ సరిగా అందదు.

ఈ లోతు సంగతి జపాన్‌లోని కన్సాయ్ విమానాశ్రయాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడ వాడింది వాక్యూం కాదు, ఇసుక డ్రెయిన్లు, దీవి కోసం పోసిన మట్టి బరువు. డ్రెయిన్లు అందిన పై బంకమట్టి తొందరగానే కుంగి గట్టిపడింది. అందని లోతు పొరలు 1994లో విమానాలు ఎగరడం మొదలయ్యాక కూడా కుంగుతూనే వచ్చాయి. మొదటి దీవి మొత్తం మీద 12 మీటర్లకు పైగా దిగింది. 2018 సెప్టెంబర్ తుపానులో అలలు గట్టు దాటి రన్‌వే మునిగింది. అంత జాగ్రత్తపడ్డ చోటనే ఇట్లయితే, నేల పరీక్షను దండుగ ఖర్చుగా చూసేవాళ్లను ఏమనాలె?

టెండరులో నేల గట్టిపరిచే పద్దు విడిగా ఉండాలె. గడువు అయిపోయిందని కాదు, కుంగుడు కొలతలు, నీటి ఒత్తిడి కొలతలు చూసి పంపు ఆపాలె. ప్రారంభోత్సవం తేదీ మంత్రి పేషీలో కాదు, ఆ కాగితాల మీద తేలాలె. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థులారా, ఉద్యోగులారా, మెత్తటి నేల మీద సర్కారు ఏది మొదలుపెట్టినా మొదటి దరఖాస్తు ఆ కొలతల కోసమే పెడదాం.