ఇల్లు కదలలేదు, గీతే కదిలింది

ఉప్పాడ తీరంలో ఒక పేదవాని ఇల్లు అక్రమ కట్టడంగా మారడానికి అతడు ఏ తప్పూ చేయనక్కరలేదు. ఇల్లు కట్టిన చోటనే ఉంటుంది. సముద్రమే ముందుకు వస్తుంది. తీర నియంత్రణ మండలం నిబంధనలు పోటు నీరు చేరే గరిష్ఠ రేఖ నుండి దూరాన్ని కొలుస్తాయి. కెరటం నేలను కోసుకుంటూ వచ్చినకొద్దీ ఆ రేఖ ఊరివైపు జరుగుతుంది. పటాన్ని సవరించిన నాడు, తాత కట్టిన ఇల్లు మనవని కాలానికి నిషిద్ధ మండలంలో తేలుతుంది. దీనిని ప్రకృతి వైపరీత్యమని పిలిచి చేతులు దులుపుకోవడాన్ని మేము అంగీకరించము.

ఉప్పాడ కోత ఈనాటిది కాదు. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు తుఫానులకు తెగుతూనే ఉంది. 2010 ప్రాంతంలో వేసిన జియోట్యూబు గోడ సైతం కెరటాల దెబ్బకు నిలువలేదు. గోదావరి మీది ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడంతో తీరానికి చేరే ఇసుక తగ్గింది. కాకినాడ దగ్గర పెరిగిన ఇసుక తిన్నె, రేవు కట్టడాలు అలల దారిని మార్చాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. వీటిలో ఏ ఒక్కటీ వల వేసేవాడో, జాందానీ నేసేవాడో, చేపల గంప మోసే ఆడకూతురో చేసిన పని కాదు. శిక్ష మాత్రం వారి గడప దగ్గరే ఆగుతున్నది.

ఇక నిబంధనల మాట. 1991 ప్రకటన గ్రామీణ తీరంలో 200 మీటర్ల మేర కొత్త నిర్మాణాలను నిషేధించింది. 2011 ప్రకటన ఆ పట్టీలోనే 100 నుండి 200 మీటర్ల మధ్య సంప్రదాయ తీరవాసుల ఇళ్లకు చోటిచ్చింది. అయితే వారితో సంప్రదించి సమగ్ర ప్రణాళిక తయారుచేయాలని షరతు పెట్టింది. 2019 ప్రకటన, 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో నిషేధాన్ని 50 మీటర్లకు కుదించింది. అదికూడా ప్రజలను సంప్రదించి తయారుచేసిన పటానికి ఆమోదం లభిస్తేనే. లేకుంటే పాత 200 మీటర్లే. సంప్రదింపు అనే ఒక్క మాట మీద 150 మీటర్ల నేల, దాని మీది ఇళ్లన్నీ ఆధారపడి ఉన్నాయన్నమాట. ఆ మాటను గ్రామసభ మినిట్సులో ఒక సంతకంగా ముగించనీయరాదు.

అదే 2019 ప్రకటన నిషిద్ధ మండలంలో పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలకు, స్నానపు గదులకు అనుమతినిచ్చింది. సెలవునాడు వచ్చి పోయేవానికి నీడ దొరికే చోట, తరతరాలుగా ఉన్నవాని పైకప్పు ప్రశ్నార్థకం కావడం ఏ రకమైన సమన్యాయమో ఏలినవారే చెప్పాలి.

ఈ చట్టంలో “సంప్రదాయ తీరవాసులు” అన్న పదం మన పాఠకులు శ్రద్ధగా చదువవలసినది. మత్స్యకారులు అందులో ముందువరుసలో ఉన్నారు, ఉండడం న్యాయం. కాని ఆ పదం ఒక్క కులానికి పెట్టిన పేరు కాదు. కాకినాడ తీరం వెంట చిన్న అంగడి, కుట్టుపని, చేపల బేరం, కూలి మీద బ్రతుకుతున్న ముస్లిం కుటుంబాలూ ఆ ఉప్పుగాలిలోనే పుట్టి పెరిగినవారు. ఉమర్ అలీషా వంటి తెలుగు కవిని కన్న పిఠాపురం సీమలో ముస్లిమును పరాయివానిగా లెక్కించడానికి ఎవరికీ నోరు రాకూడదు. జాబితా తయారయ్యేటప్పుడు కొలమానం నివాసం కావాలి. కులమో మతమో కారాదు. మేము మత్స్యకారుల వాటాలో భాగం అడగడం లేదు. వారి పక్కన నిలిచి, ఒకే కొలత అందరికీ వర్తించాలని అడుగుతున్నాము.

ఇంటి నమూనా సంగతి కూడా ఇక్కడే తేలాలి. తీరంలో అనుమతించిన ఎత్తు 9 మీటర్లు, రెండు అంతస్తులు. తరలించిన కుటుంబాలకు ప్రభుత్వాలు చూపే స్థలం ఎంత? గత ప్రభుత్వ గృహ పథకంలో గ్రామీణ పేదకు దక్కినది సెంటున్నర, అంటే 72.6 గజాలు. అందులో మగ్గం ఎక్కడ వేయాలి? వల ఎక్కడ ఆరబెట్టాలి? పర్దా పాటించే ఇంట ఆడవారికి పెరడు ఎక్కడ? చదువుకునే పిల్లకు మూల ఎక్కడ? కాగితం మీద గీసిన ఒకే గది నమూనా జీవనోపాధిని లెక్కలోకి తీసుకోదు. పునరావాస లేఅవుట్‌లో బడికి, దవాఖానాకు, ప్రార్థనాలయాలకు, శ్మశానానికి, ఖబరస్తాన్‌కు ముందే చోటు గుర్తించకపోతే, తరువాత ఒక్కొక్కదాని కోసం పదేళ్లు దరఖాస్తులు పట్టుకుని తిరుగవలసి వస్తుంది.

అలల అంచున ఉండడం ప్రాణాపాయం కదా అని కొందరు అడుగుతారు. నిజమే, ఎవరినీ ప్రమాదంలో ఉంచమని మేము కోరము. ముందు స్థలం, పట్టా, ఇల్లు, ఆ తరువాతనే తరలింపు అన్నదే మా మాట. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, 15 రోజుల నోటీసు లేకుండా, జవాబు వినకుండా ఇళ్లు కూల్చరాదని తీర్పు చెప్పింది. బుల్డోజరు నీడలో బ్రతుకుతున్న ముస్లిములకు అది గొప్ప ఊరట. కాని రోడ్లు, నదులు, జలవనరుల వద్ద ఉన్న అనుమతి లేని కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని కూడా అదే తీర్పులో ఉంది. రేపు కెరటం ముంగిటికి వచ్చిన ఇంటిని ఈ మినహాయింపు కిందకు నెట్టే ప్రయత్నం జరుగదని ఎవరు హామీ ఇస్తారు? అందుకే ఉన్న ఇళ్లను ముందుగానే క్రమబద్ధీకరించాలి. 1991 నిబంధనల ప్రకారం అర్హత ఉండి అనుమతి పొందని తీరవాసుల ఇళ్లను, వ్యాపారానికి వాడకుండా, బయటివారికి అమ్మకుండా ఉంటే క్రమబద్ధం చేయవచ్చునని 2011 ప్రకటనే చెప్పింది.

కనుక మా కోరికలు నాలుగు. సర్వే నంబర్లతో కూడిన గ్రామస్థాయి తీరపటాన్ని తెలుగులో ముద్రించి పంచాయతీ గోడకు అంటించాలి. సముద్రం ముందుకు రావడం వల్ల నిషిద్ధ మండలంలో పడిన పాత ఇంటిని అక్రమమని పిలువరాదు. పునరావాస ప్రణాళికను మత్స్యకారులు, నేతకారులు, దళితులు, ముస్లిములు, వారి స్త్రీలు కూర్చున్న సభలో ఆమోదించాలి. కోతకు నేల కోల్పోయిన కుటుంబానికి సెంటున్నరతో సరిపెట్టక, బ్రతుకుతెరువుకు చాలినంత స్థలం ఇవ్వాలి.

సోదర సోదరీమణులారా, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పాత ఓటరు జాబితా ప్రతి—వీటిని ఒక సంచిలో భద్రపరచండి. ముసాయిదా పటంపై అభ్యంతరాలు పిలిచిన రోజున రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ఒంటరిగా వెళ్లకండి, పక్కింటి మత్స్యకార సోదరునితో కలిసి వెళ్లండి. అద్ల్ అంటే కొలత అందరికీ ఒక్కటే కావడం. సముద్రం ఎవరి మతమూ అడగకుండా ఇళ్లను తీసుకుంటున్నది. ఇల్లు తిరిగి ఇచ్చేటప్పుడు సర్కారు సైతం అడగకూడదు.