సముద్రం లేని ఊళ్లో సముద్రతీరం పాఠం



పోయిన నెల తొమ్మిదో తరగతిలో తీరప్రాంతాల గురించి చెప్పాను. అలలు, గాలి, నదులు తెచ్చే ఒండ్రు సహజ కారణాలు. పోర్టులు, డ్యాములు, ఇసుక తవ్వకాలు మనుషుల కారణాలు. పిల్లలు రాసుకున్నారు. యూనిట్ టెస్టులో చాలామందికి ఫుల్ మార్కులు వచ్చాయి. పేపర్లు పంచిన రోజు వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "మేడమ్, డ్యామ్ ఎక్కడో లోపల కడితే సముద్రం ఒడ్డు ఎందుకు కొట్టుకుపోతుంది?" అని అడిగాడు. ఆ పాయింటు రాసినందుకు వాడికి మార్కు వేసింది నేనే. కానీ అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. రాత్రి కూర్చుని చదువుకుని మర్నాడు చెప్పాను.

కాకినాడ పక్కన ఉప్పాడ ఉంది. జాందానీ చీరలతో మీకు ఆ పేరు తెలిసే ఉంటుంది. అక్కడ సముద్రం ఏటేటా ఊళ్లోకి వస్తోంది. ఇళ్లు పోయాయి. తుఫాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు తెగుతుంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పెట్టారు, అవీ నిలవలేదు. మన తూర్పు తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. తీసుకుపోయిన చోట మళ్లీ నింపేది గోదావరి లాంటి నదులే. ఆ ఇసుక దారిలో డ్యాముల వెనక ఆగిపోతే? జీతం ఆగింది, ఖర్చు ఆగలేదు. ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? దీనికి తోడు కాకినాడ ముందు గోదావరి ఒండ్రుతోనే పెరిగిన హోప్ ఐలాండ్ ఊరికి అడ్డుగోడలా నిలబడి, పైనున్న ఉప్పాడ వైపు అలల తీరు మార్చేసింది. అది ప్రకృతి పనే. విశాఖలోనైతే హార్బర్ గోడ దగ్గర ఆగిన ఇసుకను తవ్వి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు.

ఇదంతా చెప్పాక కూడా పిల్లల ముఖాల్లో అది ఎక్కడో జరిగే సంగతిలాగే ఉంది. అప్పుడు అడిగాను, "మన ఒడ్డు ఎక్కడుంది?" అని.

మొయినాబాద్‌కి ఒకవైపు గండిపేట, ఇంకోవైపు హిమాయత్ సాగర్. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. అంటే ఈ ఒడ్డును తయారుచేసింది మనుషులే. దాన్ని జరిపేది మాత్రం వాన. ఎండాకాలంలో నీళ్లు వెనక్కిపోతే నేల బయటపడుతుంది, వానాకాలంలో మళ్లీ మునుగుతుంది. మన తాతలు ఆ నేలను శిఖం అన్నారు. నీళ్లు లేనప్పుడు పంట వేసుకునేవాళ్లు, నీళ్లొస్తే తప్పుకునేవాళ్లు. ఇప్పుడు మనం ఎఫ్‌టీఎల్ అంటున్న గీత లోపలిది అదే.

ఇది విని ఒక అమ్మాయి అడిగింది, "అయితే మేడమ్, ఎండాకాలంలో కొన్న ప్లాట్ వానాకాలంలో ఎవరిది?" క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మీలో కొందరు ఇటువైపు ప్లాట్లు కొన్నారని నాకు తెలుసు.

1996లో వచ్చిన జీవో 111 జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఎవరిది న్యాయమో ఇక్కడ తీర్పు చెప్పను. భూమికి ధర రాక పాతికేళ్లు ఇబ్బందిపడ్డ రైతుల పిల్లలూ నా క్లాసులోనే ఉన్నారు. అయితే ఒక మాట అనకుండా ఉండలేను. చేవెళ్ల వైపు నుంచి వచ్చే వాగును పూడ్చి రోడ్డేస్తే నీళ్లు రావడం మానవు, దారి మార్చుకుంటాయి. ఉప్పాడలో ఒడ్డు తెగడానికి కారణం నదికి ఎంతో ఎగువన ఉన్నట్టే, మన చెరువు నిండినా ఎండినా కారణం కట్ట దగ్గర ఉండదు, పైన వాగుల్లో ఉంటుంది. ప్లాట్ చూసేటప్పుడు బ్రోచర్‌తో పాటు ఎఫ్‌టీఎల్ మ్యాపు కూడా చూడండి. పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, వాళ్లకి ఇప్పుడు చదవడం వచ్చు.

ఈ పాఠానికి నేనిచ్చిన ప్రాజెక్ట్ గురించి ఒక పేరెంట్ ఫోన్ చేశారు. "ఒలింపియాడ్ దగ్గరపడింది, సోషల్ కోసం ఆదివారం ఎందుకు మేడమ్, నెట్‌లో ఫొటోలు తీసి అంటిస్తే సరిపోదా?" అన్నారు. వారి ఆందోళన నాకు అర్థమైంది. కానీ గతేడాది నాకు అలాంటివే వచ్చాయి. ఏదో విదేశపు సముద్రపు కొండ, ఒకే జిరాక్స్ షాపులో తీసిన కలర్ ప్రింట్, ఎన్ని ఫైళ్లలో ఉందో లెక్కపెట్టడం మానేశాను. అందులో పిల్లలు చేసిందల్లా గమ్ రాయడమే.

కాబట్టి ఈసారి అడిగేది ఇంతే. పదిహేను రోజుల తేడాతో రెండు ఆదివారాలు, మీకు దగ్గర్లో ఉన్న చెరువుకు పిల్లలతో వెళ్లండి. ఒక చెట్టునో బండరాయినో గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి నీళ్ల అంచు వైపు ఎన్ని అంగలో లెక్కపెట్టి రాయించండి. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. అంచు దగ్గర బురద ఉంటే దూరం నుంచే అంచనా వేసినా చాలు. వీలైతే ఆ ఊరి పెద్దవాళ్లను, నీళ్లు ఇదివరకు ఎక్కడిదాకా వచ్చేవో అడగమనండి. ప్రింటవుట్లు వద్దు.

వెనక బెంచీ అబ్బాయి మొదటి కొలత అప్పుడే తెచ్చేశాడు. వేపచెట్టు నుంచి నీళ్లకు వాడి అంగల్లో 42, వాళ్ల తాత అంగల్లో 35. ఏది రాయాలని అడుగుతున్నాడు. రెండూ రాయమన్నాను.