ర్యాంకుల పరుగులో తప్పిపోతున్న పిల్లలు

ఇంటర్‌ ఫలితాలు వెలువడిన మరునాడు దినపత్రిక తెరిస్తే పేజీల నిండా నవ్వుతున్న పిల్లల ఫోటోలు, వాటి కింద మార్కులు, ర్యాంకులు కనిపిస్తాయి. అదే పత్రిక లోపలి పేజీలో ఏ మూలనో నాలుగు వాక్యాల వార్త ఒకటి ఉంటుంది: పరీక్ష తప్పానన్న మనస్తాపంతో ఫలానా ఊరి విద్యార్థి ప్రాణం తీసుకున్నాడని. మొదటి పేజీని మనం పిల్లలకు చూపించి ‘చూసి నేర్చుకో’ అంటాం. లోపలి వార్త చదివి నిట్టూర్చి పేజీ తిప్పేస్తాం. కానీ ఆ రెండు వార్తలూ ఒకే పొలంలో పండిన పంట అని మనకు ఎందుకు తట్టడం లేదు?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు 35 మందికి పైగా. అందరి కారణాలూ ఒకటి కావు, నిజమే. కానీ 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో జరిగింది మనం మరచిపోరాదు. ఇంటర్‌ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి సున్నా వేశారు. ఫలితాల తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మీదట ఫెయిలైన వారి జవాబు పత్రాలన్నింటినీ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. కాగితాన్ని రెండోసారి దిద్దవచ్చు. పోయిన బిడ్డను ఎవరు తిరిగి తేగలరు?

విశాఖపట్నంలో నీట్‌ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని ఒకరు 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ప్రకటించింది. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ తప్పనిసరిగా ఉండాలి అని చెప్పింది. ఇవన్నీ కొత్తగా తెలిసిన సంగతులా? కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ కార్పొరేట్‌ కళాశాలల తీరును పరిశీలించింది. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వచ్చింది. కమిటీలు మారాయి గానీ, తెల్లవారక ముందే లేచి రాత్రి దాకా పుస్తకం ముందు కూర్చునే హాస్టల్‌ పిల్లవాడి దినచర్య పెద్దగా మారలేదు.

తల్లిదండ్రులను నిందించడం సులభం. కానీ వారిని నడిపిస్తున్నది ఆశ ఒక్కటే కాదు, భయం కూడా. వానలను నమ్ముకున్న రైతుకు, కూలికి వెళ్లే తల్లికి, ‘మా బతుకు వీడికి వద్దు’ అన్న తపన ఉంటుంది. అందుకే అప్పు చేసి ఫీజు కడతారు. తప్పు ఆ తపనలో లేదు. ‘నీ కోసం ఇంత అప్పు చేశాం’ అని ఫోన్‌ చేసిన ప్రతిసారీ గుర్తు చేయడంలో ఉంది. ఆ మాట వినీ వినీ, తన చదువు తీర్చవలసిన బాకీ అని పిల్లవాడు అనుకుంటాడు. పరీక్ష తప్పిన రోజున అతనికి మార్కుల జాబితా కనబడదు, అమ్మ మెడలో లేని గొలుసు కనబడుతుంది.

మరి ఉపాధ్యాయుడు? ప్రైవేటు సంస్థలో పనిచేసే ఎందరో అధ్యాపకులకు వేసవి అంటే సెలవులు కావు, అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగే కాలం. కరోనా రోజుల్లో బడులు మూతపడినప్పుడు వేలాది మంది ప్రైవేటు ఉపాధ్యాయులు జీతం లేక వీధిన పడ్డారు. 2021లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. రేపటి ఉద్యోగానికి భరోసా లేని గురువు, ఎదుటి పిల్లవాడి ముఖంలో దిగులును చదివే తీరిక ఎక్కడ తెచ్చుకుంటాడు?

లూకా సువార్తలో ఈ ముగ్గురూ ఒకేచోట కనిపించే ఘట్టం ఉంది. పన్నెండేళ్ల యేసు పండుగకు వెళ్లి యెరూషలేములో ఉండిపోతాడు. గుంపులో ఉన్నాడులే అనుకుని తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం సాగిస్తారు. లేడని తెలిసి వెనక్కి తిరిగి, మూడవ రోజున దేవాలయంలో కనుగొంటారు. అక్కడ ఆ బాలుడు బోధకుల మధ్య కూర్చుని వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆ బోధకులు ‘సిలబస్‌లో లేదు, కూర్చో’ అనలేదు. మరియమ్మ తాము పడిన ఆవేదనను దాచుకోకుండా చెప్పింది. కొడుకు ఇచ్చిన జవాబు ఆ తల్లిదండ్రులకు అర్థం కాలేదు. అయినా ఆమె ఆ సంగతులన్నీ హృదయంలో భద్రం చేసుకుంది. ఆ బాలుడూ వారి వెంట నజరేతుకు వెళ్లి లోబడి ఉన్నాడు. ప్రశ్నించే విద్యార్థి, వినే గురువు, అర్థం కాకపోయినా బిడ్డను వదులుకోని తల్లి: చదువుకు ఈ మూడూ కావాలి. నేడు మనమూ ‘గుంపులో ఉన్నాడులే’ అనుకునే ప్రయాణం సాగిస్తున్నాం. పిల్లవాడు ఏ మలుపులో తప్పిపోయాడో చూసుకోవడం లేదు.

ఈ విషయంలో సంఘం తనను తాను పరీక్షించుకోవాలి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్‌ మిషనరీ హయ్యర్‌ సేవలో బడులకు పెద్ద చోటుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మిషన్‌ బడులు దళితవాడల పిల్లలకు, ఆడపిల్లలకు అక్షరం అందించాయి. వెనుకబడిన బిడ్డను వెతుక్కుంటూ వెళ్లిన చరిత్ర మనది. మరి నేడు మన సంస్థల గోడల మీద ఉన్నవేమిటి? ర్యాంకుల ఫ్లెక్సీలు కావా? మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడికి మన బడిలోనే సీటు దొరకకపోతే, ఆ బడి పేరులో పరిశుద్ధుని పేరు ఉండి ఏం లాభం?

పెద్ద సంస్కరణలు ప్రభుత్వాలు చేయాలి. చిన్నవి మన చేతిలో ఉన్నాయి. ఆరాధన ముగిశాక పిల్లలను ‘ఎన్ని మార్కులు వచ్చాయి?’ అని అడగడం మానుదాం. ‘ఎలా ఉన్నావు నాన్నా?’ అని అడిగి, జవాబు వినేదాకా నిలబడదాం. సంఘంలో విశ్రాంత ఉపాధ్యాయులుంటే సాయంత్రం పూట ఒక గంట పేద పిల్లలకు పాఠం చెప్పమని కోరదాం. ఫలితాల రోజున పాస్‌ అయిన ఇంటికి మిఠాయి తినడానికి వెళ్లే ముందు, తప్పిన బిడ్డ ఇంటికి వెళదాం. సప్లిమెంటరీ పరీక్ష ఉందని, అది రాసి జీవితంలో నిలబడినవారు మన మధ్యే ఉన్నారని చెబుదాం. దిగులు లోతుగా ఉంటే దాచుకోనక్కరలేదు, ప్రభుత్వ టెలి మానస్‌ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్‌ చేయవచ్చని తెలియజేద్దాం.

తప్పిపోయిన కుమారుని కోసం ఆ తల్లిదండ్రులు యెరూషలేము దాకా వెనక్కి నడిచారు. మన పిల్లల కోసం మనం ఎంత దూరం వెనక్కి నడవగలం? ఈ ఏటి ఫలితాలు రాకముందే ప్రతి ఇంటిలో ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం కావాలి.